ఇంకోసారి చూపిస్తారా, అక్కా?

పగలు కనిపించని ఆసుపత్రి ఒకటి ఉంటుంది. ఐసీయూ బయట కుర్చీల్లో రాత్రి గడిపినవాళ్లకే అది తెలుస్తుంది. ఓపీ జనం, ట్రాలీల చప్పుడు, పేర్లు పిలిచే కేకలు అన్నీ సద్దుమణిగాక లోపలినుంచి మోనిటర్ల కూత ఆగి ఆగి వినిపిస్తుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఏసీ చలి ఒక్కసారి బయటికొస్తుంది. నేలమీద దుప్పటి పరుచుకుని నడుం వాల్చినవాళ్లు కూడా తలెత్తి అటు చూస్తారు, మనవాళ్లనే పిలుస్తున్నారేమోనని.

అలాంటి ఒక రాత్రి, కారిడార్ చివర బల్లమీద కూర్చుని ఒక నర్సు అమ్మాయి ఫోన్ చూస్తోంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్. పక్కన టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది గానీ ముద్ద నోటికి పోవడం లేదు. "లోపల మనవాళ్లని పెట్టుకుని ఫోన్లు చూస్తారమ్మా" అని నా పక్కనున్న పెద్దావిడ గొణుక్కుంది. ఆవిడ బాధ ఆవిడది, భర్త లోపలే ఉన్నాడు.

మంచినీళ్ల కోసం అటు వెళ్తుంటే ఆ తెర కంటపడింది. గ్లవ్స్ వేసుకున్న రెండు చేతులు, ఒక ప్లాస్టిక్ బొమ్మ గొంతు, సన్నటి గొట్టం. అమ్మాయి వీడియో ఆపుతోంది, కాస్త వెనక్కి జరుపుతోంది, మళ్లీ చూస్తోంది. చూస్తూ చూస్తూ తన కుడిచేతి బొటనవేలిని గాల్లోనే దించుతోంది, ఎత్తుతోంది. తిరిగొచ్చి ఆవిడతో "చదువుకుంటోందండీ" అన్నాను. ఆవిడ మళ్లీ ఒకసారి అటు చూసి, "తిని చదువుకోమ్మా" అని ఇక్కడినుంచే కేకేసింది.

ఆ బొటనవేలి కథ ఆసక్తికరమైనది. వెంటిలేటర్ మీదున్న మనిషి మనలాగా దగ్గి కఫం బయటికి తెచ్చుకోలేడు. శ్వాసనాళంలో గొట్టం ఉంటుంది. పేరుకున్న కఫాన్ని ఎవరో ఒకరు తీయాలి. సక్షన్ అంటారు దాన్ని. సన్నటి గొట్టాన్ని లోపలికి పంపేటప్పుడు గాలి లాగకూడదు. అందుకని గొట్టం మొదట్లో ఉన్న చిన్న రంధ్రాన్ని తెరిచే ఉంచాలి. బయటికి తీసేటప్పుడు మాత్రం బొటనవేలితో ఆ రంధ్రం మూయాలి. అప్పుడే కఫం గొట్టంలోకి వస్తుంది.

కఫంతోపాటు ఆ మనిషికి అందాల్సిన గాలి కూడా లాగేస్తాం కాబట్టి ముందుగా 100 శాతం ఆక్సిజన్ ఇస్తారు. ఒక్కసారి గొట్టం వేసి తీయడం 10 నుంచి 15 సెకన్లకు మించకూడదు. ఆ కాసేపట్లోనే ముఖం ఎర్రబడుతుంది, కళ్లు చెమరుస్తాయి, మోనిటర్‌లో ఆక్సిజన్ అంకె దిగడం మొదలవుతుంది. పాతకాలం ట్యూటర్లు ఇందుకో ఉపాయం చెప్పేవారు. గొట్టం లోపలికి పంపేటప్పుడు నువ్వు కూడా ఊపిరి బిగపట్టు. నీకు గాలి కావాలనిపించిందంటే ఆయనకు ఎప్పుడో కావాల్సి వచ్చిందన్నమాట.

పుస్తకంలో ఇదంతా అరపేజీ. ఆ అరపేజీ నోటికొచ్చినా బొటనవేలు వినదు. భయంలో ముందే మూసుకుంటుంది, లేదంటే అసలు మూసుకోదు.

చేతికి రావాల్సిన విద్యలన్నీ ఇంతే. ఆత్రేయపురంలో పూతరేకు తీసేవాళ్లని చూడండి. పల్చటి పిండిలో తడిపిన గుడ్డని బోర్లించిన వేడి కుండమీద ఒక్క విసురులో పరిచి లాగేస్తారు. గుడ్డ ఎంతసేపు ఆనాలి అని అడిగితే చెప్పలేరు, నవ్వుతారు. పక్కన కూర్చుని చూడాల్సిందే, చూసి చేయాల్సిందే. కుండమీద చిరిగిన రేకు నోట్లో వేసుకోవచ్చు. ఐసీయూలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. అక్కడ మొదటిసారి చేసేది కూడా ఎవరో ఒకరి అమ్మమీదో నాన్నమీదో చేయాలి.

అందుకే నేర్పేవాళ్ల తీరిక మీద అంతా ఆధారపడి ఉంటుంది. ఆ తీరికే దొరకదు. కొత్తగా చేరిన అమ్మాయికి సీనియర్ సిస్టర్ ఒకసారి చూపిస్తుంది, ప్రేమగానే చూపిస్తుంది. రెండోసారి అడిగేసరికి ఆవిడ చేతిలో ఇంజెక్షన్ ఉంటుంది, అవతల మంచం దగ్గర అలారం మోగుతుంది, డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చేస్తుంటారు. "మొన్నేగా చూపించాను" అంటుంది. ఆ మాటలో కోపం కన్నా అలసటే ఎక్కువ. కానీ విన్న అమ్మాయికి అది అలసటగా వినిపించదు.

ఇక మూడోసారి అడగదు. "తెలిసిందా" అంటే "తెలిసిందక్కా" అంటుంది.

ఈ తలూపడం మనందరికీ తెలిసిందే. లెక్కల క్లాసులో మాస్టారు "అర్థమైందా" అన్నప్పుడు ఊపాం. మొదటి ఉద్యోగంలో హెడ్ క్లర్కు ఫైలు గురించి గబగబా చెప్పేసినప్పుడు ఊపాం. పెళ్లైన కొత్తలో అత్తవారింట్లో ఏది ఎక్కడుంటుందో ఒక్కసారి చూపించినప్పుడు ఊపాం. రెండోసారి అడగడానికి మనకి ఎందుకో చెప్పలేనంత మొహమాటం. అడిగితే తెలివితక్కువ వాళ్లమనుకుంటారని, వాళ్ల పని చెడగొడుతున్నామని, విసుక్కుంటారని. అలా తలూపి వచ్చేసిన విషయాలెన్నో ఒంటరిగా తంటాలు పడి నేర్చుకున్నాం. కొన్ని ఇప్పటికీ నేర్చుకోలేదు.

అందుకే ఆ అమ్మాయి చేతిలోని ఫోన్‌ని చూస్తే నాకు ఊరటగా అనిపించింది. ఆ తెరమీది చేతులు ఎన్నిసార్లు అడిగినా చూపిస్తాయి. అర్ధరాత్రి అడిగినా చూపిస్తాయి. నెమ్మదిగా అంటే నెమ్మదిగా, ఆపమంటే ఆపి. ఎందుకు మళ్లీ అడిగావని అడగవు.

నర్సింగ్ చదువుల్లో వీడియో పాఠాల గురించి మాట్లాడేటప్పుడు టెక్నాలజీ, ఖర్చు, నాణ్యత అంటూ పెద్ద పెద్ద మాటలే వినిపిస్తాయి. వాటి అవసరం వాటిది. నా మనసుకి పట్టింది మాత్రం ఈ చిన్న సంగతే. మొహమాటపడే మనిషికి ఇంకోసారి అడిగే వీలు దొరికింది.

అసలు ఐసీయూ పుట్టుకే ఒక హడావిడి పాఠంతో మొదలైంది. 1952 వేసవి చివర డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌ని పోలియో కమ్మేసింది. అక్కడి బ్లెగ్డమ్ ఆసుపత్రికి ఊపిరి తీసుకోలేని పిల్లలు రోజూ వస్తూనే ఉన్నారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, వాటిని కదిలించే కండరాలే చచ్చుబడ్డాయి. ఇనుప గొట్టాల్లాంటి అప్పటి శ్వాసయంత్రాలు ఆసుపత్రి మొత్తానికి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి.

బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు డాక్టరు ఒక దారి చెప్పాడు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చి, దానికి తగిలించిన రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాలి. ఆగస్టు 27న పన్నెండేళ్ల అమ్మాయికి అలా చేశారు, బతికింది. సరే, ఆ సంచిని రాత్రింబగళ్లు నొక్కేదెవరు? వైద్య విద్యార్థులని పిలిచారు. దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా, నెలల తరబడి, మంచాల పక్కన కూర్చుని చేత్తో ఊపిరి పోశారు.

ఆ పిల్లలు మాట్లాడలేరు. గొట్టం ఉంది కదా. సంచి నొక్కే చెయ్యి వేగం సరిపోతోందో లేదో వాళ్ల కళ్లలో చూసి తెలుసుకోవాలి. అప్పటికి ఆ పనికి పుస్తకం లేదు, వీడియో అసలే లేదు. చెయ్యి చూసి చెయ్యి నేర్చుకోవడమే. మరుసటి ఏడాది అదే నగరంలో ఇబ్సెన్ ఏర్పాటు చేసిన విభాగాన్నే ఐసీయూలకి మొదలు అని చెబుతారు. 1956లో అదే దేశంలో అంబూ బ్యాగ్ తయారైంది. మన జిల్లా ఆసుపత్రుల్లో కూడా మంచం పక్కన వేలాడుతూ కనిపించే సంచి అదే. కరెంటు పోయినా, వెంటిలేటర్ మొరాయించినా సిస్టర్ చెయ్యి ముందు దానిమీదికే పోతుంది.

తెరమీద పాఠం కూడా మనకి మరీ కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తీసుకుని మన దేశం 'సైట్' అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి టీవీలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. పొద్దున పిల్లలకి, సాయంత్రం పెద్దలకి తెలుగులో కార్యక్రమాలు. ఊరంతా కలిసి ఒకే టీవీ ముందు కూర్చుని వ్యవసాయం గురించి, ఆరోగ్యం గురించి చూసినవాళ్లు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు.

ఆ ఏడాదిలోనే దాదాపు 50 వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకి సైన్సు బోధించడంలో శిక్షణ ఇచ్చారు. టీవీ పాఠంతోపాటు చేసి చూడాల్సిన ప్రయోగాలు, చదువుకోవాల్సిన కాగితాలు, సందేహం వస్తే అడగడానికి ఎదురుగా ఒక మనిషి. తెర ఒక్కటే చాలదని అప్పుడే గ్రహించినవాళ్లున్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

తర్వాత చాలా ఏళ్లకి ఒక కష్టకాలం వచ్చి నర్సులందరినీ తెర ముందు కూర్చోబెట్టింది. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ముందే ప్రకటించింది. ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిన సందర్భం. పండగలా జరగాల్సిన ఆ ఏడాది కొవిడ్ వచ్చింది. ఆర్థోలో, గైనిక్‌లో, కంటి వార్డులో పనిచేసే సిస్టర్లు రాత్రికి రాత్రి ఐసీయూ డ్యూటీలకి మారారు. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దీక్షా వేదికమీద ఐగాట్ పేరుతో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి లాంటిచోట్ల పనిచేసినవాళ్లనీ, విశాఖలో, విజయవాడలో, తిరుపతిలో పనిచేసినవాళ్లనీ అడిగితే ఆ రోజుల్లో ఫోన్‌లో ఏయే వీడియోలు చూశారో ఇప్పటికీ చెబుతారు.

మొదట పీపీఈ కిట్ వీడియో. వేసుకోవడం సులువే, తీయడమే కష్టం. చెమటతో ఒంటికి అతుక్కున్న గౌనుని, బయటి వైపు ఒంటికి తగలకుండా చుట్టుకుంటూ తీయాలి. అడుగడుగునా చేతులు శుభ్రం చేసుకోవాలి. అప్పటికి గంటల తరబడి నీళ్లు తాగకుండా పనిచేసి ఉంటారు, ఎప్పుడు తీసి పారేద్దామా అని ఉంటుంది. ఆ తొందరలోనే ప్రమాదం. అందుకని ఒకరు తీస్తుంటే ఇంకొకరు ఎదురుగా నిలబడి వరస తప్పకుండా చెప్పేవారు.

తర్వాత రోగిని బోర్లా పడుకోబెట్టే వీడియో. వెంటిలేటర్ మీదున్న మనిషిని బోర్లా తిప్పి రోజుకి 16 గంటల దాకా అలాగే ఉంచితే ఊపిరితిత్తుల వెనకభాగం తెరుచుకుంటుంది. వినడానికి తేలిక. చేయడానికి ఐదారుగురు కావాలి. నోట్లో గొట్టం, మెడలో సెంట్రల్ లైన్, మూత్రం గొట్టం, ఛాతీమీద వైర్లు. ఏది ఊడినా ప్రమాదమే. తల దగ్గర నిలబడి గొట్టం పట్టుకున్న మనిషే లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు అన్నాక అందరూ ఒక్కసారి కదలాలి. ముందు అంచుకి జరపడం, తర్వాత పక్కకి తిప్పడం, ఆ తర్వాత బోర్లా. మధ్యలో ఆగి గొట్టాలు చూసుకోవడం.

మాటల్లో చెబితే ఎవరి చెయ్యి ఎక్కడుండాలో ఊహకి అందదు. రెండు మూడు నిమిషాల వీడియో చూస్తే అందుతుంది. అప్పటిదాకా వెంటిలేటర్ ముట్టుకోని సిస్టర్లు, డ్యూటీకి ముందు ఒక గదిలో గుమిగూడి ఒకే ఫోన్‌లో అది చూసి, ఒకరిని మంచంమీద పడుకోబెట్టి తిప్పి చూసుకుని, లోపలికి వెళ్లారు. గౌను మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవారు. ముఖాలు కనిపించవు కదా, ఎవరు ఎవరో ఒకరికొకరు తెలియాలని.

కొన్ని విద్యలకైతే వీడియో మనిషికన్నా బాగా నేర్పుతుందేమో అనిపిస్తుంది. గుండె ఆగినప్పుడు ఛాతీమీద నొక్కే సీపీఆర్ అలాంటిది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకూడదు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. 1960లో నార్వేలో బొమ్మలు తయారుచేసే ఆస్మండ్ లేర్డాల్ ఇందుకోసమే మనిషంత బొమ్మని చేశాడు. అంతకు కొన్నేళ్ల ముందు నీళ్లలో మునిగిన తన చిన్న కొడుకుని దక్కించుకున్న తండ్రి ఆయన.

ఇప్పటి శిక్షణల్లో గోడమీద వీడియో నడుస్తుంటుంది, ఎదురుగా వరసగా బొమ్మలు, వాటి పక్కన మోకాళ్లమీద నర్సులు. తెరమీద మనిషి నొక్కుతున్నప్పుడే వీళ్లూ నొక్కాలి. రెండు నిమిషాలు. మొదటి అరనిమిషం నవ్వులు, తర్వాత చున్నీ నడుముకి బిగించడం, తర్వాత చెమట, ఆ తర్వాత ఒక్కరికీ మాట రాదు. లోతు సరిపోయినప్పుడల్లా కొన్ని బొమ్మలు టిక్కుమంటాయి. కాసేపటికి గదిలోని టిక్కులన్నీ ఒకే లయలో పడతాయి. ఆ లయని నోటితో చెప్పి నేర్పడం ఎంత మంచి టీచర్‌కైనా కష్టమే.

పిల్లల ఐసీయూల కోసం అమెరికాలోని బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ వాళ్లు ఓపెన్ పీడియాట్రిక్స్ పేరుతో ఇలాంటి పాఠాలెన్నో ఉచితంగా అందరికీ తెరిచి పెట్టారు. బ్రిటన్‌లో ఉద్యోగానికి వెళ్లే మన నర్సమ్మలు అక్కడి ఆస్కీ పరీక్ష కోసం హాస్టల్ గదుల్లో దిండుమీద సీపీఆర్ చేస్తూ, వీడియోలు చూస్తూ తయారవుతారు. ఎక్కడో సముద్రాల అవతల ఒక నర్సు కెమెరా ముందు జాగ్రత్తగా చేసిన పని, నరసన్నపేట నుంచి వచ్చిన అమ్మాయి చేతిలోకి ఇలా చేరుతోంది. వాళ్లిద్దరూ ఎప్పటికీ కలుసుకోరు.

ఆ వీడియోల్లో ఇంగ్లిష్ గబగబా వెళ్లిపోతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి అందులో సగం అందదు. అయినా చేతుల వరకూ పెద్ద ఇబ్బంది లేదు. కళ్లతో చూసి పట్టేస్తారు. ఇబ్బందల్లా ఇంకోచోట వస్తుంది.

సక్షన్ వీడియోలన్నిట్లోనూ మొదట్లో ఒక మాట ఉంటుంది. చేయబోయే పనిని రోగికి వివరించండి, అని. ఒక్క వాక్యం. చేతులు కడుక్కోండి అన్నదానికీ గ్లవ్స్ వేసుకోండి అన్నదానికీ మధ్య ఎక్కడో వచ్చి వెళ్లిపోతుంది. బొమ్మకి వివరించేదేముంది కనుక?

కానీ వార్డులో పాతకాపులైన సిస్టర్లని గమనించండి. ఆ ఒక్క వాక్యం దగ్గర వాళ్లు ఎంతసేపు ఉంటారో. మంచం పక్కకి వచ్చి ముందు భుజంమీద చెయ్యి వేస్తారు. "బాబాయ్ గారూ, గొంతులో కఫం తీస్తున్నానండీ. కాస్త దగ్గొస్తుంది, ఒక్క క్షణం ఓర్చుకోండి. అయిపోయాక హాయిగా ఉంటుంది" అంటారు. వరంగల్‌లో అయితే "పెద్దయ్యా, జర దగ్గొస్తది, భయపడకు, నేనీన్నే ఉన్న" అంటారు. ఎదుటి మనిషి కళ్లు మూసుకుని ఉంటాడు. మత్తులో ఉంటాడు. అయినా చెబుతారు.

వినిపిస్తుందో లేదో మనకెలా తెలుసు? స్పృహ లేదనుకున్నవాళ్లకి కూడా మాటలు వినిపిస్తూ ఉండొచ్చు, అందుకే ఏం చేసినా చెప్పి చెయ్యమని నర్సింగ్ పాఠాల్లోనే ఉంది. ఐసీయూ నుంచి బతికి బయటపడ్డవాళ్లలో కొందరికి మొత్తం చెరిగిపోయినా ఒక గొంతు గుర్తుంటుంది. సిస్టర్ పేరు తెలియదు, ముఖం తెలియదు. "రాత్రిపూట వచ్చి మాట్లాడే అమ్మాయి" అంటారు.

వీడియోలో బొమ్మ దగ్గదు. గొట్టం వేయగానే చెయ్యెత్తి సిస్టర్ మణికట్టు పట్టుకోదు. తలుపు అద్దంలోంచి కూతురు తొంగి చూడదు. కఫం వాసన ఉండదు. ఆ గందరగోళం మధ్యలో చెయ్యి వణకకుండా నిలబడడం, మాట మెత్తగా ఉంచుకోవడం, ఇవి పక్కనున్న మనిషి నుంచే వస్తాయి. సీనియర్ సిస్టర్ అక్కడ ఏమీ నేర్పుతున్నట్టు ఉండదు. తన పని తాను చేసుకుపోతుంది. పక్కనున్న అమ్మాయి గొంతు మాత్రం కొన్నాళ్లకి అచ్చం ఆవిడ గొంతులా మారుతుంది.

వీడియో వచ్చాక సీనియర్ల అవసరం తగ్గుతుందని కొందరికి బెంగ. నాకైతే ఆ బెంగ లేదు. బొటనవేలు ఎప్పుడు మూయాలో ఫోన్ చెప్పేస్తే, ఆవిడకి దొరికే కాస్త సమయమూ మిగతా విషయాలకి మిగులుతుంది. "మొన్నేగా చూపించాను" అనాల్సిన పని ఉండదు. రాత్రి చూసి వచ్చిన అమ్మాయి పొద్దున "అక్కా, గొట్టం ఎంతలోతు వెళ్లాక ఆగాలో వీడియోలో సరిగా కనిపించలేదు, మీరు చేసేటప్పుడు పక్కన నిలబడనా?" అని అడుగుతుంది. అలాంటి ప్రశ్నకి విసుక్కునేవాళ్లు అరుదు. తెలియక అడగడం ఒకటి, కొంత తెలిశాక అడగడం ఇంకొకటి. రెండోదాంట్లో మొహమాటం సగం తగ్గిపోతుంది.

ఈమధ్య కొన్ని ఆసుపత్రుల్లో సిస్టర్లే తమ ఫోన్లలో ఇలాంటి పాఠాలు తీసుకుంటున్నారు. రోగుల్ని కాదు, బొమ్మని పెట్టుకుని. తమ వార్డులో ఉన్న మెషీన్, తమ దగ్గర దొరికే గొట్టం, తమ మాట.

నాకు తెలిసిన ఒక ఇన్‌చార్జి సిస్టర్ రిటైర్‌మెంట్‌కి కొద్ది నెలల ముందు అలాంటిదొకటి చేశారు. సక్షన్ పాఠమే. జూనియర్లు పట్టుబట్టి చేయించారు. ఆవిడకి కెమెరా అంటే బిడియం. మొదటిసారి బాగా రాలేదు, చెయ్యి అడ్డొచ్చింది. రెండోసారి మొదలుపెట్టారు. గ్లవ్స్ వేసుకోకముందు బొమ్మ భుజంమీద చెయ్యి వేసి, అలవాటుగా "పెద్దాయనా, కఫం తీస్తానండీ, కొంచెం దగ్గొస్తుంది, సరేనా" అన్నారు. బొమ్మ జవాబు చెప్పదు కదా, అయినా జవాబు కోసమన్నట్టు ఒక క్షణం ఆగారు. తర్వాత పని మొదలుపెట్టారు.

ఫోన్ పట్టుకున్న కుర్రాడు ల్యాబ్ టెక్నీషియన్. అయిపోయాక, "మేడమ్, ముందు మీరు మాట్లాడింది తీసేస్తే నిడివి తగ్గుతుంది, అందరూ చివరిదాకా చూస్తారు" అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. "కావాలంటే చేతులు కడుక్కునేది తగ్గించు బాబూ, అది గోడమీద బొమ్మలు వేసి పెట్టారు, చూసి నేర్చుకుంటారు. ఇది ఎలా చెప్పాలో ఎక్కడా రాసి లేదు" అన్నారు.

చేతులు కడుక్కునేది తగ్గించడానికి జూనియర్లు ఒప్పుకోలేదు. మాట్లాడినదీ ఉంచారు. వీడియో కాస్త పొడుగే అయింది. కొత్త బ్యాచ్ పిల్లలు చేరగానే వాళ్ల గ్రూపులో మొదట పెట్టేది దాన్నే.